ఖాళీ అయిన ఎమ్మెల్యే స్థానం, బీ-ఫారం మీద పేరు

రెవెన్యూ శాఖలో పనిచేసినన్నాళ్లూ, ఎన్నికలు వచ్చినప్పుడల్లా నాకు రిటర్నింగ్ అధికారి గదిలో నామినేషన్లు తీసుకునే బల్ల దగ్గరే డ్యూటీ పడేది. అభ్యర్థి తెచ్చిన కాగితాలను చెక్‌లిస్టుతో సరిచూడడం, డిపాజిట్ కట్టించుకుని రసీదు రాయడం, ఏ పత్రం తక్కువైందో రాసి చేతికివ్వడం నా పని. పదవీ విరమణ చేసి ఏళ్లు గడిచినా, ఎక్కడ ఉప ఎన్నిక వచ్చినా నా మనసు ముందుగా ఆ బల్ల దగ్గరికే పోతుంది. 2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఫలితం వచ్చిన రోజు ఇంట్లో అందరూ మెజారిటీ ఎంత, ఎవరి ఓట్లు ఎటు పోయాయి అని మాట్లాడుకుంటుంటే, నేను మాత్రం అంతకు నెల ముందు, ఫలానా వారే మా అభ్యర్థి అని పార్టీలు ఇచ్చే బీ-ఫారాల మీద ఆ అభ్యర్థుల పేర్లు రాసింది ఎవరు, ఎవరిని అడిగి రాశారు అన్న ఆలోచనలోనే ఉండిపోయాను. చాలా కాలంగా నన్ను వదలని ప్రశ్న కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

శాసనసభ్యుడు చనిపోయినా, ఆయన రాజీనామాను స్పీకర్ ఆమోదించినా, అనర్హత వేటు పడినా ఆ స్థానం ఖాళీ అయినట్టు శాసనసభ సచివాలయం ప్రకటిస్తుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1996లో చేర్చిన 151ఏ సెక్షన్ ప్రకారం ఖాళీ ఏర్పడిన ఆరు నెలల్లోగా ఉప ఎన్నిక జరగాలి; సభ్యుడికి మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువైతే మాత్రం జరపనక్కరలేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఎమ్మెల్యే సాయన్న 2023 ఫిబ్రవరిలో మరణించినప్పుడు అక్కడ ఉప ఎన్నిక రాకపోవడానికి కారణం ఇదే, అప్పటికి ఆ సభ గడువు పదకొండు నెలలే మిగిలి ఉంది. నోటిఫికేషన్ వెలువడ్డాక నామినేషన్లకు ఏడు రోజులు, మర్నాడు పరిశీలన, ఆ తర్వాత రెండో రోజు ఉపసంహరణకు గడువు, అక్కడి నుంచి కనీసం పద్నాలుగు రోజుల ప్రచారం. చట్టం చెప్పేది ఇంతవరకే. ఆ స్థానానికి పార్టీ తన మనిషిని ఎలా ఎంచుకోవాలన్న దాని మీద చట్టంలో ఒక్క వాక్యం కూడా లేదు. పార్టీల నమోదు గురించి చెప్పే 29ఏ సెక్షన్ రాజ్యాంగానికి, ప్రజాస్వామ్యానికి కట్టుబడి ఉంటామని ప్రతి పార్టీ చేత రాయించుకుంటుంది గానీ, టికెట్ ఎవరిని అడిగి ఇచ్చారని ప్రశ్నించదు.

చట్టం అడిగేది రెండు కాగితాలు. ఏ-ఫారంలో ఈ రాష్ట్రంలో మా పార్టీ తరఫున అభ్యర్థుల పేర్లు తెలియజేసే అధికారం ఫలానా వారికి ఇచ్చామని పార్టీ రాసి, వారి నమూనా సంతకాలు జతచేస్తుంది. ఆ సంతకంతో వచ్చేది బీ-ఫారం. అందులో నియోజకవర్గం పేరు, పార్టీ ఆమోదించిన అభ్యర్థి పేరు, ఆయన నామినేషన్ చెల్లకపోతే ఆ స్థానంలోకి వచ్చే ప్రత్యామ్నాయ అభ్యర్థి పేరు ఉంటాయి. సంతకం సిరాతో స్వయంగా చేసినదై ఉండాలి. రబ్బరు స్టాంపు సంతకం చెల్లదు, ఫ్యాక్సులో వచ్చిన కాగితం చెల్లదు. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటలలోపు అది అధికారి చేతికి అందాలి. చాలామంది దీన్ని నామినేషన్ పత్రంతో కలిపేసి మాట్లాడతారు గానీ అవి వేరు. శాసనసభ అభ్యర్థి నింపే నామినేషన్ పత్రం ఫారం 2బీ. అందులో మొదటి భాగం గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థులది, దానికి నియోజకవర్గ ఓటరు ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. రెండో భాగం మిగతా వారిది, దానికి పదిమంది ప్రతిపాదకులు కావాలి. ఈ తేడాను గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను, దాని అవసరం చివర్లో వస్తుంది.

ఒక స్థానం మరణం వల్ల ఖాళీ అయితే మన రెండు రాష్ట్రాల్లోనూ పార్టీ ముందుగా చూసేది పోయినవారి ఇంటివైపే. పులివెందులలో 2009లో రాజశేఖరరెడ్డి మరణం తర్వాత ఆయన భార్య విజయమ్మ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. నందిగామలో 2014లో తంగిరాల ప్రభాకరరావు కుమార్తె సౌమ్య, తిరుపతిలో 2015లో వెంకటరమణ భార్య సుగుణమ్మ, నాగార్జునసాగర్‌లో 2021లో నోముల నర్సింహయ్య కుమారుడు భగత్, బద్వేలులో అదే ఏడాది వెంకటసుబ్బయ్య భార్య సుధ, ఆత్మకూరులో 2022లో గౌతమ్‌రెడ్డి తమ్ముడు విక్రమ్‌రెడ్డి, వీరంతా అలా నిలబడి గెలిచినవారే. వీరిలో అర్హత లేనివారని ఎవరినీ అనడం లేదు. సుధ స్వయంగా వైద్యురాలు. కంటోన్మెంట్‌లో 2023 సాధారణ ఎన్నికల్లో తండ్రి సాయన్న స్థానం నుంచి గెలిచిన లాస్య నందిత అంతకు ముందే కార్పొరేటర్‌గా పనిచేసిన మనిషి. నా అభ్యంతరం ఆ వ్యక్తుల మీద కాదు, వారి పేరు ఖరారైన పద్ధతి మీద. పెద్దకర్మ కూడా కాకముందే పరామర్శకు వెళ్లిన పార్టీ పెద్దలు కుటుంబానికి అండగా ఉంటామని చెప్పి వస్తారు, ఆ మాటకు అర్థమేమిటో నియోజకవర్గంలో అందరికీ తెలిసిపోతుంది. ఆ క్షణం నుంచి ఇరవై ఏళ్లుగా జెండా మోసిన మండల అధ్యక్షుడు గాని, జెడ్పీటీసీ గాని తన పేరు ఎత్తుకోవడమే పాపమన్నట్టు అయిపోతుంది. పోయిన మనిషి మీద ప్రేమ లేనివాడని అంటారన్న భయంతో నోరు మూసుకున్నవారిని నేను దగ్గర నుంచి చూశాను. మరోవైపు, నిన్నటి దాకా వంటింటి నుంచి బయటికి రాని ఒక ఇల్లాలిని, కళ్లు ఇంకా తడారకముందే ప్రచార రథం ఎక్కించి, ఊరూరా ఏడ్చి ఓట్లు అడగమనడం ఆమెకు గౌరవమని నేను అనుకోను.

సానుభూతి తప్పక గెలిపిస్తుందన్నది కూడా నిజం కాదు. నారాయణఖేడ్‌లో 2016లో కిష్టారెడ్డి కుమారుడు సంజీవరెడ్డిని కాంగ్రెస్ నిలబెడితే టీఆర్‌ఎస్ 50 వేలకు పైగా మెజారిటీతో ఆ స్థానాన్ని గెలుచుకుంది. అదే ఏడాది పాలేరులో రాంరెడ్డి వెంకటరెడ్డి భార్య సుచరితారెడ్డి మీద టీఆర్‌ఎస్ ఏకంగా మంత్రి తుమ్మల నాగేశ్వరరావును దింపి గెలిచింది. 2020లో దుబ్బాకలో అదే టీఆర్‌ఎస్ సోలిపేట రామలింగారెడ్డి భార్య సుజాతను నిలబెట్టి బీజేపీకి చెందిన రఘునందన్‌రావు చేతిలో 1,079 ఓట్ల తేడాతో ఓడిపోయింది. కంటోన్మెంట్ సంగతి తలచుకుంటే బాధ వేస్తుంది: తండ్రి పోయిన ఏడాదికి, గెలిచి మూడు నెలలు కూడా నిండకుండా లాస్య నందిత రోడ్డు ప్రమాదంలో చనిపోయారు, 2024 మేలో ఆమె సోదరి నివేదితకు బీఆర్‌ఎస్ టికెట్ ఇచ్చింది, ఆమె మూడో స్థానంలో నిలిచారు. గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి శ్రీగణేశ్ ఐదారు నెలల ముందు అదే స్థానంలో బీజేపీ తరఫున పోటీచేసినవారు. జూబ్లీహిల్స్‌లో మాగంటి గోపీనాథ్ భార్య సునీతను బీఆర్‌ఎస్ నిలబెట్టినా కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ 24 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. అంటే ఓటరు విడిగానే ఆలోచిస్తున్నాడు. ఇంటివారికి ఇస్తే చాలన్న లెక్క పార్టీ కార్యాలయాల్లోనే మిగిలిపోయింది.

ఎదుటి పార్టీలు పోటీ పెట్టకపోవడమనే సంప్రదాయం గురించి కూడా చెప్పాలి. నందిగామ, తిరుపతిలలో వైసీపీ, బద్వేలు, ఆత్మకూరులలో టీడీపీ చనిపోయినవారి కుటుంబానికి గౌరవంగా అభ్యర్థిని నిలబెట్టలేదు. బద్వేలులో టీడీపీ అప్పటికే తన అభ్యర్థిని ప్రకటించి, తర్వాత వెనక్కి తీసుకుంది. ఈ మర్యాద వెనకున్న మంచితనాన్ని నేను తక్కువ చేయను. అయితే తిరుపతిలో లక్షకు పైగా, బద్వేలులో 90 వేలకు పైగా వచ్చిన మెజారిటీలు ప్రధాన ప్రత్యర్థి బరిలో లేనప్పుడు వచ్చినవి కాబట్టి అవి ఓటరు అభిప్రాయానికి కొలబద్దలు కావు. పైగా ఈ మర్యాద ఒక షరతుతో వస్తుంది: పోయినవారి ఇంట్లోవారు నిలబడితేనే పోటీ పెట్టం అన్నది ఆ షరతు. అప్పుడు బయటి కార్యకర్తకు టికెట్ ఇవ్వాలని పార్టీకి నిజంగా అనిపించినా, సులువుగా వచ్చే గెలుపును ఎందుకు వదులుకోవాలన్న ప్రశ్న అడ్డం పడుతుంది.

నంద్యాల ఈ సంప్రదాయాన్ని తలకిందులు చేసింది. భూమా నాగిరెడ్డి 2014లో వైసీపీ గుర్తు మీద గెలిచి, 2016లో టీడీపీలోకి వెళ్లి, 2017 మార్చిలో మరణించారు. మరి ఆ ఖాళీ ఎవరిది? కుటుంబం మా వెంట ఉంది కాబట్టి మాదని టీడీపీ, గెలిచింది మా గుర్తు మీద కాబట్టి మాదని వైసీపీ వాదించాయి. టీడీపీ భూమా అన్న కొడుకు బ్రహ్మానందరెడ్డిని నిలబెడితే, ఆ టికెట్ కోసం ఎదురుచూసిన శిల్పా మోహన్‌రెడ్డి పార్టీ మారి వైసీపీ అభ్యర్థి అయ్యారు. బ్రహ్మానందరెడ్డి 27 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ వాదన అంతటిలో ఖాళీ అయిన స్థానాన్ని ఆస్తిలా పంచుకునే మాటలే వినిపించాయి. అది నంద్యాల ఓటర్లదన్న మాట ఏ వైపు నుంచీ గట్టిగా రాలేదు.

ఇంటివారు లేని చోట, ముఖ్యంగా రాజీనామా వల్ల వచ్చిన ఉప ఎన్నికల్లో పద్ధతి వేరుగా ఉంటుంది. అప్పుడు సర్వేలు చేయిస్తారు, ఇన్‌ఛార్జి నివేదిక తెప్పించుకుంటారు, మన ఫోన్లకు రికార్డు చేసిన గొంతు వచ్చి ఫలానా వారికి ఒకటి నొక్కండి, ఫలానా వారికి రెండు నొక్కండి అంటుంది. జాతీయ పార్టీలైతే రాష్ట్ర నాయకత్వం మూడు నాలుగు పేర్లతో జాబితా ఢిల్లీకి పంపుతుంది. ప్రాంతీయ పార్టీల్లో అధ్యక్షుడి మాటే చివరి మాట. ఈ దారిలో అప్పుడప్పుడు మామూలు కార్యకర్తకు కూడా అవకాశం వస్తుంది. 2021లో హుజూరాబాద్‌లో ఈటల రాజేందర్ రాజీనామా చేసి బీజేపీ నుంచి నిలబడినప్పుడు, టీఆర్‌ఎస్ తన విద్యార్థి విభాగం నాయకుడు గెల్లు శ్రీనివాస్ యాదవ్‌ను, కాంగ్రెస్ ఎన్‌ఎస్‌యూఐ రాష్ట్ర అధ్యక్షుడు బల్మూరి వెంకట్‌ను నిలబెట్టాయి. రెండు పార్టీలూ ఒకే ఎన్నికలో విద్యార్థి నాయకులను ఎంచుకోవడం నాకు సంతోషం కలిగించింది. ఈటల గెలిచారు, వెంకట్‌కు వచ్చినవి మూడు వేల పైచిలుకు ఓట్లే. గెలుపు కష్టమని తెలిసిన చోటే కార్యకర్త గుర్తుకు వస్తాడా అన్న అనుమానం మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. టికెట్ రానివారిని బుజ్జగించడం మరో పెద్ద పని. నామినేటెడ్ పదవి ఇస్తామనో, ఎమ్మెల్సీని చేస్తామనో చెబుతారు. నాగార్జునసాగర్ టికెట్ ఆశించినవారిలో ఒకరైన కోటిరెడ్డి అదే ఏడాది చివర్లో నల్గొండ స్థానిక సంస్థల నుంచి ఎమ్మెల్సీ అయ్యారు. అంటే ఒక ఖాళీ నింపడానికి ఇంకో సభలోని ఖాళీ కూడా కలిసివస్తుందన్నమాట.

మా చిన్నాన్న కూతురు అమెరికాలోని మేరీలాండ్‌లో ఉంటుంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2010లో శాసనసభకు ఎన్నికై, 2023లో లెఫ్టినెంట్ గవర్నర్ అయిన రాష్ట్రం అది. అక్కడి రాజ్యాంగం ప్రకారం శాసనసభ్యుడి స్థానం ఖాళీ అయితే ఆ సభ్యుడి పార్టీకి చెందిన కౌంటీ కేంద్ర కమిటీ 30 రోజుల్లో ఒక పేరు రాసి పంపాలి, గవర్నర్ ఆ వ్యక్తిని నియమించాలి. మా చెల్లెలు ఒకసారి అలాంటి కమిటీ సమావేశాన్ని ఆన్‌లైన్‌లో చూసి నాకు వివరంగా చెప్పింది: ఆశావహులు ఒక్కొక్కరు మాట్లాడారట, కమిటీ సభ్యులు ప్రశ్నలు అడిగారట, తర్వాత ఒక్కొక్కరి పేరు పిలుస్తుంటే ఎవరికి ఓటు వేస్తున్నారో పైకి చెప్పారట. ఓటర్లను అడగకుండా కమిటీలోని కొద్దిమంది ఎమ్మెల్యేను నిర్ణయించే ఆ పద్ధతి మనకు వద్దు. ఉప ఎన్నిక పెట్టే మన పద్ధతే మంచిదని నా గట్టి నమ్మకం. కానీ ఆ కమిటీ సభ్యులు పార్టీ ఓటర్లు ఎన్నుకున్నవారు. పేరు ఎవరు ఎంచారో, ఎన్ని ఓట్లతో ఎంచారో ఊరందరికీ తెలుసు. మన దగ్గర ఓటరుకు ఉన్న హక్కు గొప్పదే గాని, ఆ ఓటరు ముందుకు వచ్చే పేరు మాత్రం మూసిన తలుపుల వెనక నుంచి వస్తోంది.

ఇక నేను చెప్పదలచుకున్న ఉప ఎన్నిక ఎక్కడ, ఎప్పుడు జరిగిందో, ఏ పార్టీయో రాయను. ఎమ్మెల్యే మరణంతో వచ్చిన ఎన్నిక అది. నామినేషన్ల చివరి రోజు పన్నెండు గంటలు దాటాక ఒక మండల నాయకుడు వచ్చాడు. ఏభై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో పారదర్శకమైన ప్లాస్టిక్ ఫోల్డరు. ఫారం 2బీలో మొదటి భాగం నింపి, పార్టీ పేరు రాసి, ఒక్క ప్రతిపాదకుడితో సంతకం పెట్టించి తెచ్చాడు. బీ-ఫారం ఏదని అడిగాను. మూడు గంటల్లోపు వస్తుందని చెప్పాడు. రెండో భాగం కూడా నింపి పదిమంది చేత సంతకాలు పెట్టించుకుంటే స్వతంత్రుడిగానైనా నిలబడవచ్చని నిబంధన వివరించాను. ఆయన తల అడ్డంగా ఊపి, పార్టీకి ఎదురు నిలబడనండీ అన్నాడు. డిపాజిట్ పదివేలు కట్టించుకున్నాను, అధికారి ఎదుట శపథం చేశాడు. కాగితాలు సరిచూస్తుంటే ఫోల్డరులో అడుగున ఇంకో కాగితం కనిపించింది. గీతల నోటుపుస్తకం నుంచి చింపిన పేజీ. నియోజకవర్గంలోని నాలుగు మండల కమిటీల్లో మూడు కూర్చుని ఆయన పేరును ప్రతిపాదించినట్టు చేసిన తీర్మానం, కింద ముప్పై ఏడు సంతకాలు, రెండు వేలిముద్రలు. ఆ కాగితాన్ని నా చెక్‌లిస్టులో ఏ గడిలో చూపించాలో వెతికాను, అటువంటి గడి లేదు.

రెండుంబావుకు ఎమ్మెల్యే గారి కొడుకు వచ్చాడు. ఊరేగింపు వంద మీటర్ల అవతల ఆగిపోయింది, నిబంధన ప్రకారం ఆయన, మరో నలుగురు లోపలికి వచ్చారు. వారిలో ఒకరి దగ్గర బీ-ఫారం ఉంది, దాని మీద సిరా సంతకం ఉంది. ఆ అబ్బాయి మర్యాదస్థుడు, శపథం చదువుతుంటే చేతిలో కాగితం వణికింది, ఎక్కడ సంతకం పెట్టాలండీ అని నన్నే అడిగాడు. అతని మీద నాకు ఇప్పటికీ ఏ ఫిర్యాదూ లేదు. మండల నాయకుడు వరండాలో బెంచీ మీద కూర్చుని అంతా చూస్తూ మూడు గంటలయ్యేదాకా కదల్లేదు. మర్నాడు పరిశీలనలో, బీ-ఫారం లేదు, ప్రతిపాదకులు పదిమంది లేరు అన్న కారణంతో ఆయన నామినేషన్ తిరస్కరించవలసి వచ్చింది.

అభ్యర్థిని ఎంచుకునే స్వేచ్ఛ పార్టీకి ఉండకూడదని నేను అనను. ఆ స్వేచ్ఛను వాడుకునేటప్పుడు నియోజకవర్గంలోని తన సొంత సభ్యులను ఒక హాల్లో కూర్చోబెట్టి, ఆశావహులందరి చేత మాట్లాడించి, చీటీలు వేయించి, లెక్క బయటపెట్టమంటున్నాను. కుటుంబం నుంచి వచ్చినవారు కూడా ఆ హాల్లో నిలబడి మాట్లాడవచ్చు, చాలాచోట్ల వారే గెలవవచ్చు కూడా. అప్పుడు వారికి దక్కేది వారసత్వం కాకుండా ఎన్నిక అవుతుంది. పార్టీ ఆ లెక్కను పక్కనపెట్టి వేరే పేరు రాస్తే, ఎందుకు రాసిందో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఎన్నికల సంఘం తలచుకుంటే బీ-ఫారంలో ఈ పేరును పార్టీలో ఏ స్థాయి సమావేశం, ఏ తేదీన ఆమోదించిందో రాయమని ఒక్క గడి పెట్టవచ్చు. సభ్యుల మాటను పార్టీలు తప్పక పాటించాలని బలవంతం చేయలేకపోవచ్చు, కనీసం అడిగారో లేదో అందరికీ తెలుస్తుంది.

నామినేషన్ తిరస్కరణకు గురైతే డిపాజిట్ తిరిగి ఇచ్చేస్తారు. ఆ మండల నాయకుడు ఎన్నికలయ్యాక వచ్చి సంతకం చేసి తన పదివేలకు ఉత్తర్వు తీసుకున్నాడు. మధ్యలో ఆ మూడు వారాలూ ఆ అబ్బాయి కోసమే తిరిగి పనిచేశాడని నాకు తర్వాత తెలిసింది. నామినేషన్ పత్రాలు మా రికార్డులోనే ఉండాలి కాబట్టి ఇవ్వలేనని చెప్పాను. నోటుపుస్తకం కాగితం మాత్రం నామినేషన్‌లో భాగం కాదు గనుక తీసి ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.